ఆగిరిపల్లి తోటలో తీసిన ఫోటో

విజయవాడ నుండి బస్సులో వస్తూ ఆగిరిపల్లి దగ్గరపడుతుండగానే శోభనాచలం కొండ కనిపిస్తుంది. ఆ తరువాత నూజివీడు దాకా మామిడి తోటలే. 2022లో ఈ ప్రాంతం ఏలూరు జిల్లాలో చేరినది గాని, మా నోట ఇంకా కృష్ణా జిల్లా అనే వస్తున్నది.

చాలా ఏండ్ల క్రితం ఒక మే నెలలో మేము కెమెరా పట్టుకొని ఇక్కడికి వచ్చాము. అమెరికాలో పుట్టిన మా బంధువుల పిల్లలకు ఇది పరాయి దేశమే గదా. ఇక్కడివారు ఎలా బ్రతుకుతారో వారికి చూపాలని మా కోరిక. పొడవైన కర్రకు చిక్కం కట్టి కాయలు దింపుతున్నారు. సొన కారి మచ్చ పడకుండా కొంచెం తొడిమ ఉంచి కోస్తారు. చెట్టు క్రింద ఒక పెద్దామె రసాలను, బంగినపల్లి కాయలను వేరుచేసి, వరిగడ్డి పరచిన పెట్టెలలో పేరుస్తున్నది.

"ఉండండి బాబూ, మంచి చీర కట్టుకొస్తాను" అన్నది.

"వద్దు మామ్మా, పనిలో ఉన్నట్టే బాగుంటుంది" అని తీసేశాము. ఒక కాపీ పంపమన్నది. తప్పకుండా అన్నాము. పంపలేదు.

1876-78 కరువులో విల్లోబీ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఆకలితో ఎముకలు తేలిన వారిని వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. అందుకు విమర్శలు కూడా పొందాడు. మిషనరీలు సైతం ఇక్కడి బ్రతుకును ఫోటోలు తీసి, స్వదేశపు సంఘాలలో దీపపు పెట్టెతో తెరమీద చూపేవారు. అటువంటి పాత చిత్రాలను లాస్ ఏంజిల్స్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సేకరించి అందరికీ అందుబాటులో ఉంచింది. అవి లేకపోతే ఆనాటి ఇండ్లు, బట్టలు, పనిముట్లు మనకు తెలిసేవి కావు. కాని చాలా చిత్రాల క్రింద ఊరి పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. అవి చూసినప్పుడే మా పెట్టెలోని ఫోటో గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాము.

గత వేసవిలో దానిని తీసుకొని వెళ్లాము. తోటలో ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి. పెద్దామె లేదు. కూతురు ఫోటోను చాలాసేపు చూసింది.

"ఈ మాసిన చీరలోనా తీశారు?" అన్నది. కాసేపటికి, "పని మీద ఉంటే అమ్మ మూతి ఇలాగే బిగించేది" అన్నది.

వెనుకకు త్రిప్పితే మా చేతివ్రాతలో "మామిడికాయలు, ఆగిరిపల్లి" అని ఉన్నది. ఆమె మనుమణ్ణి పిలిచి పెన్ను తెమ్మన్నది. వాడు మా అక్షరాల క్రింద నాయనమ్మ తల్లి పేరు ఇంటిపేరుతో సహా వ్రాశాడు. ఆమె పేరు మాకు తెలిసింది అప్పుడే.