బి.ఎన్. రెడ్డిగారి పురస్కారములు

కడప మండలమందలి పులివెందుల ప్రాంతమునుండి చెన్నపట్టణము చేరి, వాహినీ సంస్థకు ప్రాణప్రతిష్ఠ చేసి, చలనచిత్రమునకు కావ్యగౌరవము కల్పింపవలెనని జీవితమంతయు తపించిన బొమ్మిరెడ్డి నరసింహారెడ్డిగారికి 1974వ సంవత్సరమునకుగాను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము లభించినదనియు, దక్షిణ భారతమునుండి దానినందుకొనిన ప్రథముడాయనయే యనియు తలచినప్పుడెల్ల నా హృదయము పొంగును. పద్మభూషణ బిరుదమును అదే సంవత్సరమున వచ్చినది.

అయినను నా మనస్సు నిలుచునది ‘మల్లీశ్వరి’ కడనే. జాతీయ చలనచిత్ర పురస్కారముల ప్రదానము 1954లో ఆరంభము కాగా, ఈ చిత్రము 1951లోనే విడుదలయ్యెను. కావున రాష్ట్రపతి రజతపతకము తరువాతి ‘బంగారుపాప’కు దక్కినది. జార్జి ఇలియట్ నవలాకథను తెలుగునేలపై నాటి, ఎస్.వి. రంగారావుగారి కోటయ్య కఠినహృదయము పసిపాప స్పర్శకు కరగుటను చూపిన ఆ చిత్రము సర్వవిధముల అర్హమే, సందేహము లేదు.

కాని ‘మల్లీశ్వరి’లో వర్షపు వేళ ఆగిన చోట మల్లి ఆడుచుండగా మారువేషములనున్న రాయలును పెద్దనయు తిలకించుట, ఆమెకు పల్లకి పంపుడని ఆమె బావ నాగరాజు పరిహాసముగా కోరుట, ఆ చిన్నమాటయే ఇరువురను విడదీయుట, వీనినన్నింటిని ఇసుమంతయు తొందరపాటు లేక నడిపిన దర్శకుడు, కృష్ణశాస్త్రిగారిచే మాటలును పాటలును వ్రాయించుకొనిన రసజ్ఞుడు, ఈ చిత్రమునకుగాను పతకముల పట్టికలో కానరాడు. ఆయన బిరుదములను మాత్రమే ఎరిగిన నేటి యువమిత్రులు ఈ చిత్రమును ఆసాంతము ఒక్కసారి చూడవలెనని నా మనవి.