జ్యేష్ఠమాసంలో తృణరక్షణ

లోకం దృష్టిలో తృణం అల్పమైన వస్తువు. వైదికునికి అలా కాదు. దర్భ లేనిదే మాకు కర్మ సాగదు. దూర్వ లేనిదే గణపతి పూజకు నిండుదనం రాదు. బాల్యం నుండి తైత్తిరీయ శాఖాధ్యయనం చేసినవాడిని గనుక దూర్వను స్తుతించే మంత్రాన్ని ఎన్ని వేల పర్యాయాలు పఠించానో లెక్క లేదు. అయినా గడ్డి భూమి క్రింద ఎలా జీవిస్తుందో నాకు బోధపడింది మాత్రం గోల్ఫ్ మైదానంలో ఉద్యోగం చేసే ఒక భక్తుని వల్ల.

నేను అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక దేవాలయంలో అర్చకుడిని. ఆ భక్తుడు బాపట్లలో వ్యవసాయశాస్త్రం చదివి, ఇక్కడ పైచదువు ముగించి, సమీపంలోని ఒక క్లబ్బులో మైదాన సంరక్షణ చూస్తున్నాడు. శనివారం అభిషేకానికి వస్తాడు. తీర్థం పుచ్చుకున్న మరుక్షణం గడ్డి ముచ్చట్లు మొదలవుతాయి. మే నెల చివరి వారం నుండి అతని ముఖంలో ప్రసన్నత తగ్గుతుంది. మూడు నెలల పాటు అంతే.

బంతిని గుంటలోకి దొర్లించే స్థలాన్ని గ్రీన్ అంటారు. అక్కడ గడ్డి ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడ పెంచేది బెంట్‌గ్రాస్ అనే చలిదేశపు తృణం. మన గరికను వీరు బెర్ముడా అంటారు. ఎండ కాచేకొద్దీ దానికి ఉల్లాసం. అందుకే ఉష్ణప్రాంతాల మైదానాలలో దానికే ప్రాధాన్యం. బెంట్‌గ్రాస్ స్వభావం దీనికి విరుద్ధం. నేల ఉష్ణోగ్రత 10 నుండి 18 డిగ్రీల సెల్సియస్ నడుమ ఉన్నప్పుడే దాని వేరు చక్కగా పెరుగుతుంది. జూన్ ఎండలు ముదిరేసరికి పైన ఆకు పచ్చగా నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల వేరు కుంచించుకుపోతూ ఉంటుంది. చూపరులకు ఆ సంగతి తెలియదు.

కనుక సంరక్షకుని పని అంతా కంటికి కనబడని దాని కోసమే. వసంతంలోనే బోలు సూదులున్న యంత్రంతో నేలలో రంధ్రాలు చేసి, మట్టిని పెళ్లలుగా పైకి తీసి, ఆ రంధ్రాలలో ఇసుక నింపుతారు. వేరుకు ఊపిరి అందడానికి. తెల్లవారుజామున పొడవైన, వంగే కర్రలతో గడ్డిపై మంచును దులుపుతారు. ఆకు తడిగా ఎక్కువసేపు ఉంటే శిలీంధ్ర వ్యాధి వస్తుంది. మధ్యాహ్నం కొద్ది నిమిషాలు సన్నని తుంపర చల్లుతారు. అది దాహం తీర్చడానికి కాదు, ఒంటి వేడి తగ్గించడానికి. మాధ్యాహ్నిక స్నానం వంటిదన్నమాట!

వీటన్నిటినీ మించిన పని ఒకటుంది. కోతయంత్రం కత్తిని కాస్త పైకి ఎత్తడం. అర మిల్లీమీటరు, ఒక్కొక్కప్పుడు అంతకంటే తక్కువ. ఆకు కొంచెం మిగిలితే దాని ఆహారం వేరుకు చేరుతుంది. వినడానికి సులభమే, కాని సభ్యులు ఒప్పుకోరు. గడ్డి పెరిగితే బంతి నెమ్మదిస్తుంది. ఆ వేగాన్ని కొలవడానికి స్టింప్‌మీటర్ అనే సాధనం ఉంది. 1935లో ఇదే రాష్ట్రంలోని ఓక్‌మాంట్‌లో జరిగిన పోటీని చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన దాన్ని రూపొందించాడు. ఒక మైదానంలోని గ్రీన్లన్నీ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఉపకరించవలసిన ఆ కొలబద్ద, కాలక్రమంలో క్లబ్బుల నడుమ పంతానికి కారణమైంది. వేగం కోసం గడ్డిని మరీ పొట్టిగా కోస్తారు, ఎరువు తగ్గించి పస్తు పెడతారు. అలా నత్రజని చాలక నీరసించిన గడ్డిని డాలర్ స్పాట్ అనే తెగులు సులభంగా పట్టుకుంటుంది. నాణెమంత తెల్లని మచ్చలు. జపసంఖ్యను ఇరుగుపొరుగుతో పోల్చుకునేవారిని నేనూ చూస్తూనే ఉంటాను.

ఆ మాట విన్న కొన్ని రోజులకే జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి వచ్చింది. నిర్జల ఏకాదశి. డెబ్బై దాటిన ఒక మాతృమూర్తి, మధుమేహ పీడితురాలు, ఉదయం నుండి మందు కూడా వేసుకోకుండా మండపంలో కూర్చున్నారు. చేతులు వణుకుతున్నాయి. కుమారుడు బ్రతిమాలి అలసిపోయాడు. నన్ను పిలిచాడు.

"అమ్మా, జలం, మూలం, ఫలం, క్షీరం, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనం, ఔషధం, ఈ ఎనిమిదీ వ్రతభంగకరాలు కావని ధర్మశాస్త్రం" అన్నాను.

ఆమె చదువుకున్నవారు. "నీళ్లు భంగం కాకపోతే దీనికి నిర్జలమని పేరెందుకు స్వామీ?" అన్నారు.

ప్రశ్న న్యాయమైనదే. అప్పుడు భీమసేనుని వృత్తాంతం గుర్తుచేశాను. ఏడాది పొడుగునా ఏకాదశులన్నీ ఉపవసించడం తన జఠరాగ్నికి సాధ్యం కాదని ఆయన మొరపెట్టుకుంటే, వ్యాసభగవానుడు ఈ ఒక్క దినాన్ని విధించాడు. అంటే మిక్కిలి కఠినమని మనం భావించే ఈ వ్రతం, ఆకలికి ఓర్వలేని ఒక దేహాన్ని చూసి చేసిన సడలింపుగా పుట్టింది. అక్కడ దేహాన్ని చూసి విధి ఏర్పడితే, ఇక్కడ విధిని చూసి దేహాన్ని విస్మరించడం ఎలా కుదురుతుంది? శాస్త్రవిహితం కాని ఘోరతపస్సుతో శరీరంలోని భూతసముదాయాన్నీ, అంతర్యామినైన తననూ కృశింపజేసేవారిని గీతాచార్యుడు పదిహేడవ అధ్యాయంలో ఏ కోవలో చేర్చాడో ఆమెకు తెలుసు. ఆ శ్లోకం నేను చెప్పలేదు. వణికే చేతుల ముందు అది పరుషంగా తోచింది.

"ఆ ఎనిమిదింటిలో ఔషధం మీ సంచిలో ఉంది. గురువచనంగా నేను చెబుతున్నాను" అన్నాను.

చాలాసేపు గర్భాలయం వైపు చూశారు. మావారు పోయిన ఏటి నుండి ఒక్క ఏకాదశీ తప్పలేదు, ఇది ఆయన కోసమే, అన్నారు మెల్లగా. ఆ మాటకు నా వద్ద శాస్త్రం లేదు. పంచపాత్ర ముందుంచి ప్రక్కన కూర్చున్నాను. కొంతసేపటికి కుమారుని చేతి నుండి మాత్ర తీసుకుని, తీర్థంతోనే మింగి, తరువాత గ్లాసెడు పాలు త్రాగారు. మరునాడు ద్వాదశి పారణకు స్వయంగా నడిచి వచ్చారు. నాతో ముభావంగానే ఉన్నారు.

మొన్న శనివారం మా సంరక్షకుడు వచ్చాడు. గ్రీన్లు మందగించాయని సభ్యులు ఫిర్యాదు వ్రాశారట. "కత్తి దింపావా నాయనా?" అని అడిగాను. "లేదు స్వామీ. పగటి ఎండను ఎలాగో కాచుకుంటాను. రాత్రులు కాస్త చల్లబడాలి, వేరు కోలుకోవడానికి. అర్చనలో ఆ సంకల్పం చెప్పండి" అన్నాడు. గోత్రనామాలతో అలాగే చెప్పాను.