తొలివిల్లు

విల్లనగానే మనవారికి బలమే జ్ఞప్తికి వచ్చును. హరికథ విన్న ప్రతివాడును శివధనుర్భంగమును ఎఱుగును. ఎనిమిది చక్రముల మందసములో నుంచి వేలకొలది జనులు లాగుకొనివచ్చిన ఆ ధనుస్సును శ్రీరాముడు విఱిచెనని వాల్మీకి చెప్పెను. విని చేతులు జోడింపవలసినదే. కాని యింటనున్న బిడ్డకు విల్లు కొనవలసివచ్చినపుడు గూడ మనవారు ఆ మందసమునే తలచుకొందురు! అది పరీక్షకు పెట్టిన విల్లు గాని అభ్యాసమునకు పెట్టిన విల్లు గాదని యెవరును తలపరు.

మేము బడిపంతులము. పగలు సంస్కృతమును, ఇంగ్లీషును చెప్పుచు, సాయంకాలములందు విలువిద్య నేర్చు పిల్లలకు తోడుగా మైదానమున నిలుచువారము. తొలివిల్లు కొను తండ్రులు మాతో చెప్పు మాట సాధారణముగా నొక్కటే: “పెద్దదే కొందము మాస్టారూ, ఎదిగి వాడుకొనును.” చొక్కాకు చెల్లు న్యాయము వింటికి చెల్లునా? పొడుగుచేతుల చొక్కాను మడిచి తొడుగవచ్చును. బరువు విల్లును మడుచుట యెట్లు?

శక్తికి మించిన విల్లు పట్టినవాడు వీపు కండరములతో లాగలేడు. భుజము నెగయించును, నడుము వంచును, గురి కుదరకమునుపే నారి విడుచును. ఈ దురభ్యాసములు నెలలో అబ్బును. ఏండ్లకు గాని వదలవు. గత సంవత్సరము ఒక బాలుడు, అమ్మకందారు మాట నమ్మి తండ్రి కొనియిచ్చిన 45 పౌనుల వింటితో భుజము నొప్పించుకొని, తనకీ విద్య రాదని నిశ్చయించుకొని మానివేసెను. వింటి తప్పును బిడ్డ తనమీద వేసికొనెను. భుజము నొప్పి తగ్గినది గాని ఆ నమ్మకము మాత్రము తగ్గలేదు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన ధర్మము గాదు. వసిష్ఠుని పేర వ్యవహరింపబడు ధనుర్వేదసంహిత, విల్లు తన బాహుబలమునకు కొంచెము తక్కువదిగా నుండుటయే శుభమని చెప్పుచున్నది. అభ్యాసమునకు వేఱు విల్లు, యుద్ధమునకు వేఱు విల్లు అని గూడ ఆ గ్రంథము విభజించినది. శాస్త్రము ఇంత స్పష్టముగా నుండగా మనము పురాణశ్రవణమున విన్న బరువునే పట్టుకొని వ్రేలాడుచున్నాము.

ఈ సంవత్సరము మా బడిలో పదుమూడేండ్ల బాలిక యొకతె విలువిద్య కోరినది. తండ్రి సంతోషించెను గాని విల్లు మాత్రము 40 పౌనులది కావలెననెను. “ఆడపిల్ల గనుక తేలికది యిప్పించినారని నలుగురు నవ్వరా, మాస్టారూ?” అని ఆయన శంక. “అయ్యా, బరువు వింటితో మీ అమ్మాయి విఫలురాలైనచో విల్లు తప్పని యెవరనెదరు? ఆడపిల్లకు విలువిద్య యెందుకనియే యందురు. ఆ నవ్వు మీ యింటితో ఆగదు, తరువాత వచ్చు ప్రతి బాలికకును అడ్డుపడును” అని మేము చెప్పితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప “అయితే మీరే కొలిచి చెప్పుడు” అనెను.

కొలిచితిమి. రెండు చేతులును బారచాపగా 60 అంగుళములు. దానిని రెండున్నరచే భాగింపగా 24 అంగుళములు; ఆమె నారి లాగు దూరము సుమారుగా నింతే. వింటిమీద వ్రాసిన పౌనులు 28 అంగుళములు లాగినప్పటి లెక్క. తేలిక విండ్లకు అంగుళము తగ్గినకొలది సుమారు రెండు పౌనులు తగ్గును. కావున 20 పౌనులని వ్రాసిన విల్లు ఆమె చేతిలో 12 పౌనులే. బద్దలు మార్చుటకు వీలైన 62 అంగుళముల కఱ్ఱవిల్లు నిర్ణయించితిమి. బలము పెరిగినపుడు పిడి అట్లే యుంచి బద్దలు మాత్రము మార్చవచ్చును. రెండు కన్నులలో గురిచూచు కన్నేదో గూడ పరీక్షించితిమి. కుడికన్నయినచో కుడిచేతితో నారి లాగుట మేలు. అమ్ములు ఆమె లాగు దూరముకంటె కొంత పొడవుగా తీసికొంటిమి. పొట్టి అమ్ము పిడి వెనుకకు జాఱి చేతిని గాయపఱుచును. అమ్ము లేక నారి లాగి విడువరాదనియు, పని తీఱినపిమ్మట నారి సడలింపవలెననియు ఆమెకు మొదటి దినముననే నేర్పితిమి.

ముప్పది అమ్ములు వరుసగా వేసినను చేయి వణకనినాడు రెండుమూడు పౌనులు పెంచవలెను, అంతవఱకు పెంచరాదు. ఇప్పుడామె పది మీటర్ల దూరమున వేయుచున్నది. ఎవరును నవ్వుట లేదు. మన విజయవాడ యువతి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆమెది చక్రములుగల నవీనచాపము, ఈ బాలికది వట్టి కఱ్ఱవిల్లు. అయినను ఆడపిల్లకు విల్లేలయను ప్రశ్నకు ఆ పతకములే చాలిన ప్రత్యుత్తరము.

ఏకలవ్యుని బొటనవ్రేలు కోరిన గురువును మనము నేటికిని నిందింతుము. ఎక్కుపెట్టలేని విల్లు బిడ్డ చేతికిచ్చి, రాలేదని నిందించు పెద్దలము మనము చేయుచున్నది వేఱా? తండ్రులారా! విల్లు కొనబోవునపుడు మీ గౌరవమును ఇంట నుంచి, బిడ్డ బారను కొలుచుకొని పొండు.