తీజ్ బుట్టలు, ప్లాస్టిక్ కవర్లు

శ్రావణ మాసంలో మా తండా ఆడపిల్లలు తొమ్మిది రోజులు తీజ్ చేస్తారు. పుట్టమన్ను, పశువుల ఎరువు కలిపి చిన్న బుట్టల్లో నింపి, గోధుమలు చల్లి, రోజూ నీళ్ళు పోస్తారు. చివరి రోజు ఆ మొలకలను నీళ్ళలో కలుపుతారు. కొన్నేళ్ళ కింద మేము అట్లాగే పాడుకుంటూ వాగు దగ్గరికి పోతే, నీళ్ళ కంటే ముందు కవర్లు కనబడ్డాయి. పాల ప్యాకెట్లు, సీసాలు, తాగి పారేసిన గ్లాసులు. పిల్లలు వాటిని కాళ్ళతో పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట మొలకలు వదిలారు. "చెత్తలో మొక్కుతున్నమా బిడ్డా?" అన్నది ఒక ముసలి యాడి. మాలో ఎవరూ జవాబు చెప్పలేదు.

మొదట మేము పట్నం వాళ్ళనే తిట్టుకున్నాం. చేవెళ్ళ, మొయినాబాద్ చుట్టూ ఫాంహౌసులు, రిసార్టులు. శని, ఆదివారాలు కార్లు వచ్చిపోయాక రోడ్డు పక్కన ఏం మిగులుతుందో అందరికీ తెలుసు. కానీ మా తండా చెత్తను ఒకరోజు ముందేసుకుని వేరు చేస్తే, అందులో మా గుట్కా ప్యాకెట్లు, మా షాంపూ ప్యాకెట్లు, మా పెళ్ళిళ్ళ గ్లాసులే ఎక్కువ. ఒకప్పుడు మోదుగాకుతో విస్తర్లు కుట్టిన చేతులే ఇప్పుడు ప్లాస్టిక్ పొర అంటించిన ప్లేట్లు కొంటున్నాయి.

ఇంకొకటి మా కూలి పనిలోనే ఉంది. ఈ ప్రాంతం కూరగాయలకు, పూలకు పేరు. తోటల్లో కలుపు రాకుండా, తేమ ఆరకుండా మల్చింగ్ షీటు పరుస్తారు. పంట అయ్యాక దాన్ని పీకే పని మాదే. పలుచటి షీటు పేలికలై చేతికొస్తుంది, సగం మట్టిలోనే ఉండిపోతుంది. వచ్చినదాన్ని గట్టు మీద కుప్ప చేసి, అగ్గి పెట్టిందీ మేమే. ఆ పొగ సాయంత్రానికి మా ఇళ్ళ మీదికే వచ్చేది. పీవీసీ పైపు ముక్కలు, పాత వైర్లు అందులో కలిసి కాలితే డయాక్సిన్లనే విషం పుడుతుందని తర్వాత తెలిసింది.

వాగులో వేసింది వాగులో ఉండదు. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ ఇటు నుంచే గండిపేటకు పోతుంది. 1908 వరదల తర్వాత పట్నాన్ని కాపాడటానికి 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఆ నీళ్ళు పాడు కావద్దని 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలను, పెద్ద కట్టడాలను ఆపారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలించారు. జీవో ఉన్నా, సడలినా, వానాకాలం కవరు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా చెరువుకు పోతూనే ఉంది.

చట్టం లేక కాదు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు గ్రామ పంచాయతీలకూ వర్తిస్తాయి. బయట కాల్చడం నిషేధం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా బంద్. అయినా సంతలో దొరుకుతాయి, మేమూ కొంటాం.

అందుకే చిన్నగా మొదలుపెట్టాం. సిద్దిపేట వైపు ఊళ్ళలో స్టీల్ బ్యాంకులున్నాయని విని, ఇంటింటికీ చందా వేసుకుని స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొన్నాం. తండాలో ఎవరింట పెళ్ళైనా అవే పోతాయి, కడిగి తిరిగి ఇవ్వాలి. సీసాలు, డ్రిప్ పైపులు మట్టి దులిపి వేరుగా మూట కడితే పాత సామాను వాళ్ళు డబ్బులిచ్చి తీసుకుపోతారు. చిప్స్ ప్యాకెట్లో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి దాన్నెవరూ కొనరు. మట్టి పట్టిన మల్చింగ్ షీటునూ కొనరు. ఇలాంటివి సిమెంటు బట్టీల్లో ఇంధనంగా పనికొస్తాయి, కానీ అక్కడి దాకా చేర్చే బండి మా గట్టు దగ్గరికి రాదు.

ఇప్పుడు మేము అగ్గి పెట్టడం లేదు. ఆ షీటు మూటలు గట్టు మీదే ఉన్నాయి, ప్రతి పంటకూ పెరుగుతున్నాయి. సార్లూ, టీచరమ్మలూ, మీ పిల్లలతో ఊరి చెత్తను ఒకసారి వేరు చేయించి లెక్క రాయించండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ లెక్క పట్టుకుని గ్రామసభలో లేచి నిలబడి, ఈ మూటలకు బండి ఎప్పుడొస్తుందని అడగండి. మా తండా నుంచి మేమూ అడుగుతున్నాం.