వెచ్చగా ఉంచుటకు మాత్రమే

క్యాసరోల్ అనగానే మన ఇళ్ళలో చాలామందికి గుర్తుకు వచ్చేది చపాతీలు, ఇడ్లీలు చల్లారకుండా దాచుకునే మూతగిన్నె. పెళ్ళిళ్ళలో బహుమతిగా వచ్చి అటక మీదికి చేరే ఆ గిన్నె గురించి కాదు నేనిప్పుడు చెప్పబోయేది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. కూరగాయలు, మాంసం, పాలో చీజో చేర్చి ఒకే పాత్రలో నెమ్మదిగా మగ్గనిచ్చి, ఆ పాత్రతోనే బల్ల మీదికి తెచ్చే వంటకాన్ని అక్కడ క్యాసరోల్ అంటారు. బంగాళాదుంపలు, సాసేజిలతో చేసే అటువంటి వంటకం ఒకటి నేను నేర్చుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు వైద్యం చేసిన మనిషినై ఉండి, నేర్చుకునే క్రమంలో చేయకూడని పొరపాటు ఒకటి చేశాను. దానిని దాచబోయాను కూడా. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ సంగతి మీకు చెప్పడానికే.

మా అమ్మాయి అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరం పక్కన ఉన్న పార్మాలో ఉంటుంది. రెండవ కాన్పుకు ఎనిమిదవ నెల నడుస్తుండగా జనవరిలో నేను అక్కడికి వెళ్ళాను. మన ఆచారం ప్రకారం పురిటి సమయానికి తల్లి దగ్గర ఉండాలి. ఆమె కాలం చేసి అప్పటికి రెండేళ్ళు. అందుచేత నేను వెళ్ళాను. నాకు వచ్చిన వంట కాఫీ, పప్పుచారు, అవసరమైతే ఉప్మా. అమ్మాయికి రక్తహీనత ఉంది. గుండెల్లో మంట వల్ల అన్నం సరిగా తినడం లేదు. ఆమె రక్తపరీక్షల అంకెలను చదవగలను, వాటిని సరిచేసే ముద్దను మాత్రం వండి పెట్టలేను. భార్య లేని లోటు ఏమిటో నాకు ఆ వంటింట్లో మరొకసారి తెలిసింది.

పార్మాలో మన శివవిష్ణు ఆలయం ఉంది. అంతకంటే చాలా ముందు నుంచి పోలండ్, ఉక్రెయిన్ దేశాల నుంచి వచ్చినవారి సంతతి అక్కడ స్థిరపడి ఉంది. పక్కింటి పెద్దావిడ అటువంటి పోలిష్ కుటుంబంలో పుట్టినది. ఒక సాయంత్రం మంచులో నడిచి వచ్చి మూత పెట్టిన గిన్నె ఒకటి ఇచ్చి వెళ్ళింది. అందులో బంగాళాదుంప ముక్కలు, ఉల్లిపాయ, క్యాబేజీ, కీల్‌బాసా అనే పొగబెట్టిన పోలిష్ సాసేజి. మా అమ్మాయి చాలా రోజుల తరువాత రెండుసార్లు వడ్డించుకున్నది. మరునాడే నేను కాగితమూ కలమూ పట్టుకొని పక్కింటి తలుపు తట్టాను.

ఆవిడ దీనిని స్లో కుక్కర్‌లో వండుతుంది. లోపల మందమైన పింగాణీ పాత్ర, దాని చుట్టూ విద్యుత్ తీగతో వేడి ఇచ్చే తొడుగు, పైన గాజు మూత. ఇంతకు మించి అందులో ఏమీ లేదు. ప్రెషర్ కుక్కర్ వలె ఈల వేయదు, తొందర పెట్టదు. పొద్దున్న అన్నీ అమర్చి వెళితే సాయంత్రానికి వంట సిద్ధం. మా చిన్నతనంలో పిడకల దాలి మీద మట్టికుండలో పాలు సాయంత్రం దాకా కాగి ఎర్రటి మీగడ కట్టడం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. దీనిని కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్‌కూ ప్రేరణ అటువంటి జ్ఞాపకమే. యూదులు సబ్బాతు నాడు పొయ్యి వెలిగించరు. అందుకని ముందురోజే చోలెంట్ అనే మాంసం, చిక్కుడుగింజల కూరను రొట్టెల పొయ్యిలో ఉంచి, రాత్రంతా ఆరిపోయే వేడిలో మగ్గనిచ్చేవారు. లిథువేనియాలో తన చిన్నతనపు ఆ వంట గురించి తల్లి చెప్పగా విన్న నాక్సన్ ఈ పాత్రను రూపొందించి 1940లో పేటెంటు పొందాడు. 1971లో రైవల్ కంపెనీ దానికే మెరుగులు దిద్ది క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఉద్యోగాలకు వెళ్ళే స్త్రీల ఇళ్ళలో అది త్వరగా స్థిరపడింది.

ఇక నా పొరపాటు. అమ్మాయి అడిగింది కదా అని ఒక మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు వంటకు పూనుకున్నాను. ఆ రోజు తనకు వైద్య పరీక్ష ఉంది, మనవడిని బడి దగ్గర దింపాలి, బయట మంచు తవ్వాలి. తొందరలో ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టి ఉన్న పచ్చి సాసేజిలను అలాగే తీసి దుంపల మీద పేర్చాను. ఇది మొదటి తప్పు. ఆ పాత్ర మీటకు నాలుగు స్థానాలు ఉన్నాయి: ఆఫ్, లో, హై, వార్మ్. మీటను నేను ఎడమకు తిప్పాను. అది ‘లో’ మీద ఆగిందనుకున్నాను. నిజానికి ఆగినది ‘వార్మ్’ మీద. వండిన పదార్థాన్ని వెచ్చగా ఉంచడానికే ఆ స్థానం ఉన్నది. పచ్చి పదార్థాన్ని వండేంత వేడి దానికి లేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు మనవడితో ఇల్లు చేరి మూత మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. లోపల దుంపలు గట్టిగా, సాసేజిలు పాలిపోయి బూడిదరంగులో ఉన్నాయి. ఏడు గంటలు! అప్పుడు నా మనసులో ఏమి జరిగిందో ఉన్నది ఉన్నట్లు చెబుతాను. విషయం నాకు క్షణంలో అర్థమైంది. అయినా చెయ్యి మీటను ‘హై’ వైపు తిప్పింది. మూడు గంటలు బాగా ఉడికితే ఏ సూక్ష్మజీవి బతుకుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. పరీక్ష ముగించుకొని అమ్మాయి అలసిపోయి వస్తుంది, ఆకలితో వస్తుంది, ‘నాన్న వండాడు’ అనుకుంటూ వస్తుంది. ఆ మాట పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆరు గంటలకు ఇల్లంతా ఘుమఘుమలు. అమ్మాయి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి, “అచ్చం పక్కింటి ఆంటీ వండినట్టే ఉంది నాన్నా” అంటూ కంచం తీసుకున్నది. గరిటె నా చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడు నాకు చాలా ఏళ్ళ కిందటి ఒక రాత్రి గుర్తుకు వచ్చింది.

నేను ఒక చిన్న ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తున్న రోజులవి. ఒక పెళ్ళి ఇంటి నుంచి ఇరవై మందికి పైగా వాంతులు, విరేచనాలతో ఎడ్లబండ్ల మీద, ట్రాక్టరు మీద వచ్చారు. మంచాలు చాలక వరండాలో చాపలు పరిచి సెలైన్ ఎక్కించాము. ముందు రోజు రాత్రి వండిన మాంసాన్ని పెద్ద గుండిగలో మూత వేసి ఉంచేసి, మరునాడు మధ్యాహ్నం వడ్డించారు. వంటమనిషిని పిలిపించి నిలదీశాను. అతను చేతులు కట్టుకొని, “మళ్ళీ బాగా మరిగించే పెట్టామండీ” అన్నాడు. అందరి ఎదుటా అతన్ని చాలా కఠినంగా మాట్లాడాను. మరిగించినంత మాత్రాన సరిపోదని ఆ పేదవాడికి ఎవరు చెప్పారు? నాకు చెప్పారు. పుస్తకాలు చదివించి, పరీక్షలు పెట్టి మరీ చెప్పారు.

“తినకమ్మా, పొద్దున్న మీట తప్పు తిప్పాను” అన్నాను. అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. చెప్పాక, “మళ్ళీ బాగా మరిగించావు కదా నాన్నా, ఏమవుతుంది?” అన్నది. వంటమనిషి మాటే. ఆ మాటకు జవాబుగా ఆ రాత్రి ఆమెకు చెప్పినదే ఇక్కడ మీకూ చెబుతాను.

సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రతలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అనుకూలమైన వేడిలో కొన్ని ఇరవై నిమిషాలకే రెట్టింపవుతాయి. తరువాత బాగా ఉడికిస్తే వాటిలో అధికభాగం చస్తాయి, నిజమే. కాని మన చర్మం మీదా ముక్కులోనూ నివసించే స్టెఫిలోకాకస్ ఆరియస్ వంటివి పెరిగే సమయంలో ఆహారంలోకి ఒక విషాన్ని వదులుతాయి. మరిగించినా ఆ విషం నశించదు. దొంగ చచ్చినా వాడు బావిలో కలిపిన మందు అలాగే ఉంటుంది. అన్నం, దుంపల వంటి పిండిపదార్థాలలో పెరిగే బాసిల్లస్ సీరియస్ వదిలే వాంతుల విషమూ ఇటువంటిదే. మాంసంలో ఉండే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ మరొక రకం. అది గట్టి కవచంగల బీజరూపంలో మరిగే నీటిని సైతం తట్టుకొని, పదార్థం నెమ్మదిగా చల్లారుతుండగా మళ్ళీ మొలకెత్తుతుంది. పెద్ద గుండిగలో మాంసం ప్రమాదకరం కావడానికి ముఖ్య కారణం ఇదే. లోపలి భాగం చల్లారడానికి గంటలు పడుతుంది. రుచి, వాసన ఈ విషయంలో మనకు సాక్ష్యం చెప్పవు. నా క్యాసరోల్ ఎంత కమ్మగా వాసన వేసిందో చెప్పాను కదా!

పాత్రలోని పదార్థమంతా నల్లటి సంచిలో కట్టి చెత్తబుట్టలో వేశాను. ఆ రాత్రి అందరం పెరుగన్నం తిన్నాము. మా అల్లుడు సౌమ్యుడు, ఏమీ అనలేదు. మనవడు మాత్రం సాసేజి ఎందుకు పారేశారని నిద్రపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.

రెండు రోజుల తరువాత మళ్ళీ వండాను. ఈసారి ఎలా వండానో చెబుతాను. మీలో పిల్లల దగ్గరకు విదేశాలు వెళ్ళేవారికి, ఇక్కడే స్లో కుక్కర్ కొనుక్కున్నవారికి పనికి రావచ్చు. పచ్చి మాంసం జోలికి పోకుండా, ముందే వండి పొగబెట్టిన కీల్‌బాసాను తీసుకున్నాను. ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చాను. ఎర్రతొక్క దుంపలు ఒక కిలోకు కొంచెం తక్కువ, ఒక్కొక్కటి అంగుళం ముక్కలుగా కోసి పాత్ర అడుగున పరిచాను. వింతగా అనిపించినా, ఈ పాత్రలో మాంసం కంటే దుంపలే ఆలస్యంగా ఉడుకుతాయి. అందుకే వేడికి దగ్గరగా అడుగునా పక్కలా ఉండాలి. పచ్చబడిన దుంపలను, మొలకలు వచ్చినవాటిని తీసివేశాను. వాటిలో సొలనిన్ అనే చేదు విషం ఉంటుంది, ఉడికించినా పోదు. దుంపల మీద రెండు ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, గుప్పెడు క్యాబేజీ, మిరియాల పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక కప్పు నీళ్ళు. అన్నిటికీ పైన సాసేజి చక్రాలు. పాత్ర సగానికి పైగా, మూడింట రెండు వంతులకు మించకుండా నిండాలి. ‘లో’ మీద ఎనిమిది గంటలు. మధ్యలో మూత తీయకూడదు. ఒకసారి తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. చివరి అరగంటలో పాలలో కలిపిన రెండు చెంచాల మొక్కజొన్నపిండి, కొద్దిగా చీజ్.

ఉప్పు వేయలేదు. పక్కింటి ఆవిడ పద్ధతిలో డబ్బా పుట్టగొడుగుల సూపు కూడా పోయాలి, అదీ వేయలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ రోజుకు 2000 మిల్లీగ్రాముల లోపు సోడియం చాలంటుంది, అంటే ఐదు గ్రాముల లోపు ఉప్పు. నా చేతిలోని సాసేజి పొట్లం మీద 56 గ్రాముల వడ్డనకే 500 మిల్లీగ్రాములకు పైగా అని రాసి ఉంది. యాభై ఆరు గ్రాములు ఎవరు తిని ఆపుతారు? నాకు రక్తపుపోటు ఉంది. అందుకని ఆవిడ వేసే సాసేజిలో సగమే వేసి, ఆ లోటును దుంపలతో, క్యాబేజీతో పూరించాను. మా అల్లుడు పక్కన ఆవకాయ వడ్డించుకొని నా లెక్కనంతా తారుమారు చేశాడన్నది వేరే సంగతి.

సాసేజి వంటి నిలవ మాంసాలను ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సరు కారకాల మొదటి తరగతిలో చేర్చింది. పొగాకూ అదే తరగతిలో ఉంది కనుక రెండూ సమానమని కొందరు రాస్తుంటారు. అది పొరపాటు. ఆ తరగతి సాక్ష్యం ఎంత బలమైనదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. రోజూ 50 గ్రాముల చొప్పున తినేవారిలో పెద్దపేగు క్యాన్సరు అవకాశం 18 శాతం పెరుగుతుందని వారి అంచనా. కాబట్టి దీనిని నెలకొకసారి వండుకునే వంటగానే ఉంచండి. మూత్రపిండాల వ్యాధి ఉండి పొటాషియం తగ్గించమన్నవారికి ఇది అసలు తగదు. దుంపలను నీళ్ళలో ఉడికించి ఆ నీరు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఇక్కడ నీరంతా వంటలోనే ఉండిపోతుంది.

మరొక మాట. ఈ పాత్రలో రాజ్మా వండాలనుకునేవారు గింజలను నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరే గిన్నెలో కనీసం పది నిమిషాలు తెర్లే నీటిలో ఉడికించి తరువాతనే ఇందులో వేయండి. మంద వేడిలో వాటిలోని విషపదార్థం పోకపోగా ఎక్కువవుతుంది కూడా.

సాయంత్రం వంటింటి థర్మామీటరును నడిమధ్య ఉన్న సాసేజి ముక్కలో గుచ్చి చూశాను. 74 డిగ్రీలు దాటింది. గర్భిణులు పొగబెట్టిన సాసేజిని పొట్లం నుంచి తీసి చల్లగా తినరాదు. ఫ్రిజ్‌లోనూ పెరగగల లిస్టీరియా తల్లికి స్వల్పజ్వరంగా వచ్చి బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఆ అంకె చూశాకనే అమ్మాయికి వడ్డించాను. ఆమె తిన్నది. రెండవసారి అడిగింది. నేను సింకు వైపు తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టాను.

మిగిలినదానిని రెండు గంటలు గడవకముందే వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టాను. మరునాడు దానిని స్టవ్ మీదనే పొగలు వచ్చేదాకా వేడిచేశాము. స్లో కుక్కర్‌లో తిరిగి వేడిచేయకూడదు. అది ప్రమాదకరమైన ఉష్ణోగ్రతను దాటడానికి చాలాసేపు తీసుకుంటుంది.

ఫిబ్రవరిలో మనవరాలు పుట్టింది. తిరిగి వచ్చే ముందు ఒక చిన్న కాగితం మీద ‘వెచ్చగా ఉంచుటకు మాత్రమే’ అని తెలుగులో రాసి, మీట పక్కన ‘వార్మ్’ అన్న అక్షరాల మీద అంటించాను. అది ఇప్పటికీ అక్కడే ఉన్నదట. పక్కింటి పెద్దావిడ ఒకసారి అదేమిటని అడిగితే, అమ్మాయి అర్థం చెప్పిందట. ఆవిడ నవ్వి, అటువంటిదే తనకూ ఒకటి రాసి పంపమని కబురు చేసింది.