సోనారి మేడ మీద రెండు డిష్‌లు

జంషెడ్‌పుర్ నగరానికి వాయవ్య దిశన సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే చోటును అక్కడివారు దోముహాని అంటారు. ఆ సంగమానికి చేరువలో, ఒక చిన్న విమానాశ్రయం చుట్టూ విస్తరించిన నివాస ప్రాంతం సోనారి. ఉత్తరాన నదికి ఆవల దల్మా కొండలు నీలిరంగు గోడలా కనిపిస్తాయి. సాయంకాలం మేడ ఎక్కినవారి చూపు సహజంగా ఆ కొండల వైపే పోతుంది. కాని ఆ పేటలోని ఒక తెలుగువారి ఇంటి మేడ మీద ఉన్న రెండు డిష్‌లు మాత్రం కొండలకు వీపు పెట్టి దక్షిణాకాశం వైపు చూస్తుంటాయి. భూమధ్యరేఖకు ఎగువన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచినట్లు కనిపించే ఉపగ్రహాలు మన దేశంలో ఎవరికైనా దక్షిణం వైపే ఉంటాయి. ఆ ఇంటివారి స్వగ్రామం ఉన్న శ్రీకాకుళం జిల్లా కూడా ఆ దిక్కునే ఉండడం కేవలం కాకతాళీయం. ఆ ఇంటి యజమానికి మాత్రం అది కాకతాళీయంగా తోచదు.

ఈ ఉక్కు నగరపు చరిత్రలో తెలుగువారి పాలు చిన్నది కాదు. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. 1912లో సాక్చి వద్ద ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పుర్ అన్న పేరు వచ్చింది. అప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక వంక వాల్తేరును, మరొక వంక ఈ గనుల ప్రాంతాన్ని ఖరగ్‌పూర్ మీదుగా కలిపింది. ఆ దారినే ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎందరో బతుకుతెరువు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉంది. 2000 నవంబరు 15 వరకు బీహారులో, ఆనాటి నుంచి ఝార్ఖండ్‌లో ఉన్న ఈ నగరంలో మూడు నాలుగు తరాలుగా తెలుగు ఇంటి భాషగా కొనసాగుతున్నది. వీధిలో హిందీ, ఇరుగుపొరుగున బెంగాలీ, ఒడియా, సంతాలీ. గడప లోపల తెలుగు. ఆ గడప లోపలి తెలుగు తరతరానికి పలచబడుతున్నదన్న దిగులు ప్రతి ఇంటా ఉన్నదే.

ఆ ఇంటి పెద్దాయన తాత మొదటి తరం. ఆయన తండ్రి కార్ఖానాలోనే పని చేశారు. ఆయనా అక్కడే యంత్రాల మరమ్మతు విభాగంలో పని చేసి పదవీ విరమణ పొందారు. ఇంట్లో ఎనభై ఆరేళ్ల తల్లి, కొడుకు, బెంగాలీ కుటుంబం నుంచి వచ్చిన కోడలు, కాలేజీలో చదివే మనుమరాలు, బడికి పోయే మనుమడు ఉన్నారు. తల్లికి తెలుగు తప్ప మరో భాషలో మనసు విప్పి మాట్లాడడం రాదు. బజారు హిందీ మాత్రం వచ్చు. పిల్లలిద్దరికీ తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

ఆయన చిన్ననాట ఆ ఇంట్లో తెలుగు వినిపించే సాధనం ఒక రేడియో. 1948లో ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం రాత్రి పొద్దుపోయాక ఒక్కొక్కనాడు సోనారి దాకా వినిపించేది. పగలు వినిపించని మీడియం వేవ్ తరంగాలు రాత్రివేళ పైపొరల నుంచి పరావర్తనం చెంది దూరతీరాలకు చేరుకుంటాయన్న సంగతి ఆ తరువాత ఎప్పుడో ఆయన తెలుసుకున్నారు. తండ్రి రేడియో పెట్టెను బల్ల మీద అంగుళం అంగుళంగా తిప్పుతూ, గురగురల నడుమ ఒక పాట పల్లవి దొరికిన చోట చేయి ఆపేవారు. అప్పుడు తల్లి వంటింటిలో గిన్నెల చప్పుడు చేయకుండా నిలబడిపోయేది. ఆ నిశ్శబ్దం ఆయనకు ఇప్పటికీ జ్ఞాపకం.

ఉపగ్రహ ప్రసారాల కథ మన దేశంలో పల్లెలతో మొదలు కావడం గమనార్హం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు దూరదర్శన్ కార్యక్రమాలు నేరుగా అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ల దొడ్డికి కట్టే వల వంటి తీగ వలతో చేసిన మూడు మీటర్ల డిష్‌లను ఆనాడు పాఠశాలల ఆవరణల్లో నిలబెట్టారు. నేడు అరవై సెంటీమీటర్ల రేకు డిష్ ఆ పని చేస్తున్నది. ఉపగ్రహం పంపే సంకేతం బలపడటం, తరంగదైర్ఘ్యం తగ్గడం ఇందుకు కారణాలు. 1995లో ప్రైవేటు తెలుగు ఛానళ్లు వచ్చినా, రాష్ట్రం వెలుపలి తెలుగువారికి అవి అందడం కేబుల్ నిర్వాహకుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉండేది. 2004 డిసెంబరులో ప్రసార భారతి డి.డి. డైరెక్ట్ ప్లస్ పేరిట నెలవారీ రుసుము లేని సేవను, 2006లో టాటా స్కై తమ సేవను ప్రారంభించాక ఆ పరాధీనత తొలగింది. 2019 ఫిబ్రవరి నుంచి కోరుకున్న ఛానళ్లను విడివిడిగా ఎంచుకునే వీలు కూడా కలిగింది.

ఇల్లు బాగు చేయించి పై అంతస్తు వేసినపుడు ఆ కుటుంబంలో ఒక సమస్య తలెత్తింది. ఉన్నది హాలులో ఒకే టీవీ. రాత్రి ఏడు గంటలకు తల్లికి తెలుగు ధారావాహిక కావాలి. అదే సమయానికి కోడలికి బెంగాలీ వార్తలు, మనుమడికి క్రికెట్టు. రోజూ ఎవరో ఒకరు మొహం ముడుచుకొని లేచి పోవడమే. ‘గదికొక టీవీ పెట్టేస్తే ఏ గొడవా ఉండదు నాన్నా’ అన్నాడు కొడుకు. పెద్దాయనకు ఆ మాట నచ్చింది. నలభై ఏళ్లు యంత్రాలతో గడిపిన మనిషి. పనివాడిని పిలిచే ముందు తానే ఒక రూళ్ల పుస్తకం తెచ్చి పథకం గీయడం మొదలుపెట్టారు.

ఒక డిష్ చాలదని ఆయన మొదట్లోనే నిర్ణయించారు. రుసుము లేని డి.డి. ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది జీశాట్-15 నుంచి వస్తాయి. దూరదర్శన్ వారి సప్తగిరి, యాదగిరి ఛానళ్లు అందులోనే లభిస్తాయి. తల్లి కోరిన ధారావాహికలు వచ్చే ప్రైవేటు తెలుగు ఛానళ్లకు చందా సేవ కావాలి. ఆయన ఎంచుకున్న సేవ 83 డిగ్రీల స్థానం నుంచి వస్తుంది. 2022 జూన్‌లో ప్రయోగించిన జీశాట్-24 ఉన్నది అక్కడే. పదిన్నర డిగ్రీల ఎడం ఉన్న రెండు ఉపగ్రహాలను ఒకే చిన్న డిష్‌కు రెండు ఎల్.ఎన్.బి.లు బిగించి పట్టవచ్చు గాని, నాభికి పక్కన ఉన్న దానికి సంకేతం బలహీనపడుతుంది. జోరు వాన కురిస్తే బొమ్మ చెదిరే ఈ తరంగాలకు ఆ మాత్రం నష్టం కూడా మంచిది కాదు. అందుచేత రెండు డిష్‌లు.

జంషెడ్‌పుర్ సుమారు 22.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 86.2 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆ లెక్కన మొదటి ఉపగ్రహం దక్షిణం నుంచి 18 డిగ్రీలు తూర్పుకు, 62 డిగ్రీల ఎత్తున. రెండవది దక్షిణం నుంచి 8 డిగ్రీలు పడమరకు, 63 డిగ్రీల ఎత్తున ఉండాలి. మనుమడి కోణమానినికి దారం కట్టి, దారం కొసన నట్టు వేలాడదీసి ఆయన ఎత్తును కొలిచారు. పనివారు చాలామంది పొరపడే విషయం ఒకటి ఇక్కడ ఉంది. ఈ డిష్‌ల నాభి మధ్యలో కాక కిందికి ఉంటుంది కనుక డిష్ ముఖం ఉపగ్రహం కంటే చాలా కిందికి చూస్తున్నట్లు అగుపిస్తుంది. అది చూసి వంపు సరిచేయబోతే సంకేతం పోతుంది.

చిక్కు మామిడి చెట్టుతో వచ్చింది. దక్షిణపు ప్రహరీ పక్కన ఆయన తండ్రి నాటిన చెట్టు అది. మొదట అనుకున్న చోటు నుంచి చెట్టు తొమ్మిది అడుగుల దూరం. చెట్టు కొన డిష్ కంటే పదిహేను అడుగులు పైకి ఉంది. 62 డిగ్రీల వాలులో ప్రతి అడుగు దూరానికి దాదాపు 1.9 అడుగుల ఎత్తు తప్పించుకోవచ్చు. అంటే పదిహేడు అడుగులు. రెండడుగుల వెసులుబాటు రెండు వానాకాలాలకు కూడా చాలదు. ‘పై కొమ్మలు కొట్టించేద్దాం’ అన్నాడు కొడుకు. ఆయన మారు మాట్లాడకుండా గొట్టాన్ని మేడ వెనుక అంచుకు, పద్దెనిమిది అడుగుల దూరానికి మార్చారు. అక్కడ వెసులుబాటు దాదాపు పంతొమ్మిది అడుగులు. అదనంగా పట్టిన కేబుల్ ఖరీదు చెట్టు ముందు లెక్కలోనిది కాదు.

తరువాత తీగల పని. ఒక డిష్ నుంచి వచ్చే తీగను మామూలు టీవీ తీగలా చీల్చి నాలుగు గదులకు పంచడం కుదరదు. గదిలోని బాక్సు అదే తీగ మీదుగా పైకి 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు పంపుతుంది. ఆ వోల్టేజీని బట్టే ఎల్.ఎన్.బి. నిలువు తరంగాలా, అడ్డ తరంగాలా అన్నది ఎంచుకుంటుంది. రెండు గదులు రెండు రకాలు కోరితే ఒక తీగ ఇద్దరికీ జవాబు చెప్పలేదు. అందుకని డిష్‌కు నాలుగు ద్వారాల ఎల్.ఎన్.బి. ఒక్కొక్కటి, వాటి నుంచి మొత్తం ఎనిమిది తీగలు, గదికి రెండు చొప్పున నాలుగు గదులు. ఒకే బాక్సు రెండు డిష్‌లనూ చూడగలిగితే మధ్యలో ఒక స్విచ్చి పెట్టి సగం తీగలు ఆదా చేయవచ్చు. కాని చందా బాక్సు తన సంస్థ ప్రసారాలు తప్ప మరొకటి చూపదు గనుక ఆ మార్గం పనికిరాలేదు. అన్నిటికన్నా దూరపు గదికి ఇరవై అయిదు మీటర్లు; ఆర్.జి.-6 కేబుల్‌కు అది భారం కాదు. వేసవి చివర వచ్చే ఉరుముల గాలివానలను తలచుకొని గొట్టానికి విడిగా భూమి తీగ కట్టించారు. తీగ గోడలోకి దూరే చోట కిందికి ఒక వంపు వదిలారు, వాన నీరు తీగ వెంట లోపలికి పారకుండా.

గోడలు చెక్కే పనివాడు వచ్చిన రోజున ఆయన పథకాన్ని తల్లికి చూపించారు. ‘ఇదిగో అమ్మా, ఇది నీ గది. నీ మంచానికి ఎదురుగా టీవీ. పొద్దస్తమానం తెలుగే. ఎవరినీ అడగనక్కర్లేదు నువ్వు.’

ఆవిడ కాగితం వంక చూడలేదు. కాసేపు ఊరుకొని అన్నది: ‘నా గదిలో ఎట్టీసినావంటే మరి నన్ను హాల్లోకి ఎవులు పిలుస్తారు నాయనా?’

ఆయన వద్ద జవాబు లేకపోయింది. పథకంలో ఉపగ్రహాల స్థానాలున్నాయి, తీగల పొడవులున్నాయి, చెట్టు ఎత్తుంది. ఏడు గంటల వేళ ఆ హాలులో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది మాత్రం ఎక్కడా లేదు. ఆ గొడవ ఉన్నందువల్లనే రోజూ ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి, ‘బామ్మా, నీ సీరియల్ వేళయింది, త్వరగా రా, తరువాత మ్యాచ్ ఉంది’ అని కేకేస్తారు. ఆ కేకలోని విసుగు ఆవిడకు తెలియనిది కాదు. అయినా అది పిలుపు. గది గదికీ అందిన భాష మనిషి మనిషికీ అందుతుందన్న భరోసా ఏ తీగా ఇవ్వదు.

ఆ రాత్రి ఆయన పథకం మార్చారు. ఎనిమిది తీగలూ అనుకున్నట్లే గోడల్లోంచి వేయించారు. గోడ మళ్లీ పగలగొట్టడం వివేకం కాదు గనుక. కాని టీవీలు రెండే. హాలులో రెండు బాక్సులూ ఉన్న పాత టీవీ. కొడుకు కోడళ్ల గదిలో ఫ్రీ డిష్ బాక్సుతో ఒకటి. మనుమరాలి గదిలోను, తల్లి గదిలోను తీగల మీద తెల్లని మూత ప్లేట్లు బిగించారు. పిల్లలు అలిగారు. ‘ఇన్ని లెక్కలు వేసి చివరికి రెండేనా?’ అని కొడుకు నవ్వాడు. ఏడు నుంచి ఎనిమిది దాకా హాలులో తెలుగు అన్న నియమానికి కోడలు అందరికన్నా ముందు ఒప్పుకున్నది.

అన్నీ చక్కబడ్డాయనడం సత్యం కాదు. మనుమరాలు కొన్ని సాయంత్రాలు బామ్మ పక్కనే కూర్చొని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చేతిలోని ఫోనులో మరేదో చూస్తుంది. ఆ ఫోనుకు డిష్ అక్కరలేదు, తీగ అక్కరలేదు, దిక్కు అక్కరలేదు. అయినా ధారావాహికలో ఏదో మాట విని ఒక చెవిలోది తీసి, ‘బామ్మా, ఆరాటం అంటే ఏమిటి?’ అని అడిగిన రోజులూ ఉన్నాయి. ముసలావిడ టీవీ వదిలి ఆ మాటకు అర్థం చెప్పబోయి, తన ఊరి సంగతి ఒకటి ఎత్తుకుంటుంది. అంతలో కథ ముందుకు పోతుంది. ఎవరూ చింతించరు.

తల్లి గదిలో, మంచానికి ఎదురు గోడన ఆ తెల్లని ప్లేటు ఇప్పటికీ అలాగే ఉంది. దాని వెనుక రెండు తీగలు చుట్టి ఉన్నాయి. ఏడాదికి ఒకసారి ఆయన మూత విప్పి, తీగల కొసలు తుప్పు పట్టలేదని చూసి మళ్లీ బిగిస్తారు. ఆవిడ హాలు దాకా నడవలేని రోజంటూ వస్తే వాటి అవసరం పడుతుంది. ఆ మాట ఆయన ఇంట్లో ఎవరితోనూ అనలేదు.