నా శ్రుతి నాలుగు

పాట నేర్పేవాళ్ళు ముందు అడగాల్సింది “నీకు పాడటం వచ్చా?” అని కాదు, “నీ శ్రుతెంత?” అని. ఈ ప్రశ్న నన్ను మొదటిసారి అడిగేసరికి నాకు ముప్ఫై ఒక్కేళ్ళు.

మా స్కూల్లో వారానికో సంగీతం పీరియడ్ ఉండేది. టీచర్ అయిదున్నర శ్రుతిలో హార్మోనియం పట్టుకునేవారు. నలభై మందిమీ అందులోనే పాడాలి. పై సా దగ్గరకొచ్చేసరికి నా గొంతు కీచుమనేది. “నీది పాట గొంతు కాదులే అమ్మా, నువ్వు తాళం వెయ్యి” అన్నారు. ఆ మాట నాతోపాటే పెరిగింది. ఇంట్లో పెళ్ళిళ్ళలో అత్తయ్యలు మంగళహారతి అందుకుంటే, నేను పళ్ళెం పట్టుకునే మనిషిని.

పోయినేడు సికింద్రాబాద్‌లో పియానో నేర్పే ఒకావిడ దగ్గర చేరాను. పాట కూడా నేర్పుతారు, ఒక్కొక్కరికీ విడిగా. మొదటి రోజు పుస్తకమే తెరవలేదు. “పక్క గదిలో ఉన్న మీ అమ్మని పిలవండి, మామూలుగా” అన్నారు. “అమ్మా” అన్నాను. ఆ స్వరం ఏ మెట్టు మీద ఉందో పియానో మీద వెతికి పట్టుకున్నారు. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టే కిందికీ పైకీ పాడించారు. కింద ఎక్కడ ఊపిరి మాత్రమే మిగులుతోంది, పైన ఎక్కడ మెడ బిగుస్తోంది అని చూసి, నోట్‌బుక్కులో “నాలుగు” అని రాశారు. నాలుగంటే ఎఫ్. అయిదున్నరంటే జి షార్ప్. మధ్యలో తేడా మూడంటే మూడు మెట్లు. ఇరవై ఏళ్ళు నా నోరు మూయించింది అవే.

వేళ్ళ సంగతీ అంతే. పియానో పుస్తకాలు ఎక్కువగా సి మేజర్‌తో మొదలవుతాయి. నల్ల మెట్లు లేవు కాబట్టి చదవడానికి తేలిక. షోపాన్ మాత్రం తన శిష్యులకి ముందు బి మేజర్ నేర్పేవాడు. పొడుగ్గా ఉండే మూడు వేళ్ళూ నల్ల మెట్ల మీద, పొట్టిగా ఉండే బొటనవేలూ చిటికెనవేలూ తెల్ల మెట్ల మీద వాటంతటవే కూర్చుంటాయి. కంటికి కష్టం, చేతికి సుఖం. నా చెయ్యి చిన్నది, ఆక్టేవ్ అందదు. మా టీచర్ ఆ రెండు స్వరాల్నీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి వాయించమన్నారు. అచ్చులో ఉన్న వేళ్ళ నంబర్లు కొట్టేసి, పెన్సిల్‌తో నా చేతికి సరిపోయేవి రాశారు.

ఇదంతా విని, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళని పాడుకోనివ్వడం అనుకునేరు. ఒకరోజు మెట్రోనోమ్ తీసేద్దామని అడిగాను.

“నా స్పీడ్ నాది కదండీ?”

“మీదే. అరవై వద్దంటే నలభై పెట్టుకోండి. కానీ నలభై అంటే చివరిదాకా నలభయ్యే.”

పాటలోనూ అదే లెక్క. మూడు వారాలు సా, పా, మళ్ళీ సా. పా వెంట్రుకవాసి కిందికి జారినా ఆపేవారు. “శ్రుతి మీదండీ. సా నుంచి పాకి ఉన్న దూరం మాత్రం అందరిదీ.” మనిషిని బట్టి నేర్పడమంటే నాకిప్పుడు అర్థమయ్యేది ఇదే: ఏది మార్చొచ్చో, ఏది మార్చకూడదో తెలిసి ఉండటం. స్కూల్లో రెండోది గట్టిగా పట్టుకున్నారు, మొదటిది అసలు చూడలేదు.

విడిగా కూర్చోబెట్టి నేర్పించుకోవడానికి డబ్బు కావాలి. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి కుదిరింది. నలభై మంది ఉన్న క్లాసులో ఇదెలా సాధ్యం అని ఎవరైనా అడగొచ్చు. నా శ్రుతి దొరకడానికి పట్టింది అయిదు నిమిషాలు. నలభై మందికి రెండొందల నిమిషాలు, అంటే నలభై నిమిషాల పీరియడ్లు అయిదు. ఆ తర్వాత పిల్లల్ని మూడు శ్రుతుల గుంపులు చేస్తే, అదే హార్మోనియం మీద అదే పాట అందరికీ అందుతుంది.

ఏడాదిలో అయిదు పీరియడ్లు. మా స్కూల్లో స్పోర్ట్స్ డే డ్రిల్లుకే అంతకన్నా ఎక్కువ పోయేవి.